బాపట్ల తీరపు ఇసుక దిబ్బలు

సముద్రతీరపు ఇసుక దిబ్బలను 'పోరంబోకు' అనీ, 'బంజరు' అనీ లెక్కలలో వ్రాసుకోవడం మనకు పాత అలవాటు. ఈ రెండు మాటలలో మొదటిది తమిళం నుండి, రెండవది హిందుస్తానీ నుండి మన భాషలోనికి వచ్చాయి. వచ్చిన త్రోవలు వేరైనా లోకవ్యవహారంలో రెండింటికీ మిగిలిన అర్థం ఒక్కటే: అక్కరకు రాని నేల. పన్ను కట్టని నేల పని చేయని నేల అని తలచడం మానవస్వభావం. కాని ఆ దిబ్బలు రేయింబవళ్ళు పని చేస్తూనే ఉంటాయి. అవి మంచినీటిని దాచి పెడతాయి. తుఫాను వేళ అలలకు తామే ముందుగా కరిగి వెనుకనున్న పల్లెలకు కొంత రక్షణ కల్పిస్తాయి. నడిసముద్రంలో బ్రతికే తాబేలుకు పురిటిల్లు అవుతాయి. జీతం అడగని ఈ కొలువు ఏ విధంగా జరుగుతున్నదో, దానికి మన వలన కలుగుతున్న విఘాతం ఏమిటో మా విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా కళాశాల విద్యార్థులతో కలిసి మేము బాపట్ల ప్రాంతపు తీరాన్ని సందర్శించాము. అక్కడ మొదటగా మా మధ్య తలెత్తినది పేర్ల చర్చ. ఉర్దూ విద్యార్థులు ఎదుటనున్న దానిని 'రేత్ కా టీలా' అన్నారు. తెలుగు విద్యార్థులు 'ఇసుక దిబ్బ' అన్నారు. ఒకరు 'తిన్నె' అన్నారు, మరొకరు 'మిట్ట' అన్నారు. కావ్యభాషలో 'సైకతము', 'పులినము' అనే మాటలు ఉండనే ఉన్నాయి. ఇన్ని పేర్లు పెట్టుకున్న జాతి ఆ వస్తువును ఒకనాడు శ్రద్ధగా చూచి ఉండాలి. నేడు ఆ చూపు మనకు తగ్గిపోయినది. సముద్రానికి పోవడమంటే నీటిలో దిగడం, ఫోటోలు తీసుకోవడం, బజ్జీలు తినడం అనే వరకే వచ్చి ఆగినది. దిబ్బను ఎక్కి దిగుతామే గాని దిబ్బను చూడము.

తీరం పుట్టుక

బాపట్ల పట్టణం నుండి సూర్యలంక సముద్రతీరం సుమారు 9 కి.మీ. దూరంలో ఉన్నది. ఇక్కడినుండి తీరం వెంట నైరుతి దిశగా పోతే చీరాల దగ్గరి వాడరేవు వస్తుంది. తూర్పుగా పోతే నిజాంపట్నం, ఆపైన కృష్ణానది ముఖద్వారాలు, మడ అడవులు వస్తాయి. ఈ ప్రాంతంలో లోపలి భూముల నుండి సముద్రం వైపుకు నడిచే వానికి నేల ఒకే తీరుగా కనిపించదు. కొంత మేర ఇసుక మిట్ట, దానిపై తాటిచెట్లు, ఇండ్లు, కొంత మేర పల్లం, అందులో నీరు, వరిచేలు, మరల మిట్ట. ఈ మిట్టలు నేటి తీరానికి ఇంచుమించు సమాంతరంగా వరుసలు తీరి సాగుతాయి. ఇవి ఒకప్పటి సముద్రతీరాలని భూవిజ్ఞానులు నిర్ణయించారు. సుమారు 6000 ఏళ్ళ క్రితం సముద్రమట్టం నేటి స్థాయికి చేరువగా వచ్చి నిలిచిన తరువాత, కృష్ణానది తెచ్చిన ఒండ్రుతో డెల్టా సముద్రంలోనికి పెరుగుతూ వచ్చినది. తీరం ముందుకు జరిగినప్పుడల్లా పాత దిబ్బ వెనుకబడినది, దాని ముందు కొత్త దిబ్బ పుట్టినది. కనుక ఆ మిట్టల మీదుగా సముద్రానికి నడచి పోవడమంటే వేల సంవత్సరాల చరిత్రను అడ్డంగా దాటిపోవడమే.

దిబ్బకు కావలసిన ముడిసరుకు నది ఇస్తుంది. ఎక్కడో పడమటి కనుమల దగ్గర అరిగిన రాయి ఇసుకరేణువై కృష్ణ వెంట ప్రయాణించి సముద్రంలో పడుతుంది. తీరానికి ఏటవాలుగా వచ్చి తాకే అలలు ఆ ఇసుకను ఒడ్డు పొడవునా నడిపిస్తాయి. నైరుతి ఋతుపవన కాలంలో ఈ ప్రయాణం ఉత్తర దిశగా, ఈశాన్య ఋతుపవన కాలంలో దక్షిణ దిశగా సాగుతుంది. అల విసరి పోయిన ఇసుక ఎండకు ఆరుతుంది. ఆరిన ఇసుక గాలికి లొంగుతుంది. ఇసుకరేణువు దుమ్మువలె ఆకాశంలో తేలిపోదు. చిన్న చిన్న గంతులు వేస్తూ నేలను రాచుకుంటూ పోతుంది. ఒక రేణువు దిగిన చోట మరికొన్ని రేణువులను ఎగురగొడుతుంది. సాయంకాలపు గాలిలో మా కాలిమడమలకు సూదులవలె తగిలినవి ఈ గంతులే.

ఈ గంతులు వేసే ఇసుకకు దారిలో ఒక అడ్డు తగలాలి. కొట్టుకొనివచ్చిన కొయ్యముక్క చాలు, ఒక తీగ మొలక చాలు. అడ్డు వెనుక గాలి వేగం తగ్గుతుంది, ఇసుక అక్కడ వ్రాలుతుంది. ఆ చిన్న కుప్పయే తనకు తాను అడ్డమై మరింత ఇసుకను పోగు చేసుకుంటుంది. దిబ్బకు ఇదే బాల్యదశ. ఈ దశలో అది చెప్పు అంత ఎత్తు కూడ ఉండదు. మనం దానిని గమనించక త్రొక్కి పోయేది ఈ దశలోనే.

దిబ్బను కట్టే మొక్కలు

గాలి పోగు చేసిన ఇసుకను గాలియే చెదరగొట్టగలదు. ఆ ఇసుకను నిలిపేది మొక్క. మా వృక్షశాస్త్ర విద్యార్థులు సముద్రం ఒడ్డునుండి లోపలికి నడుస్తూ మొక్కల వరుసను గుర్తించారు. అన్నిటికంటె ముందున ఉన్నది మేకకాలి గిట్టవలె చీలిన ఆకులు, ఊదారంగు పూలు గల చెవులపిల్లి తీగ. దీనినే బాలబందు తీగ అని కూడ అంటారు. ఉప్పునీటి తుంపర, మండే ఇసుక, ఎడతెగని గాలి దీనిని చంపలేవు. ఇసుక పైన కప్పితే కణుపుకణుపునా వేళ్ళు వేసి మరల పైకి వస్తుంది. పూడ్చిన కొద్దీ పెరిగే మొక్క ఇది.

దాని సరసనే రావణాసురుని మీసాలు అనే గడ్డి ఉన్నది. పేరుకు తగినట్లు ఆకులు సూదిమొనలవంటివి. గుచ్చుకుంటే మరచిపోవడం కష్టం. ఇందులో మగమొక్క, ఆడమొక్క వేరువేరుగా ఉంటాయి. ఆడమొక్కకు ముళ్ళబంతి వంటి గుండ్రని గింజల గుత్తి కాస్తుంది. పండిన పిమ్మట అది ఊడి గాలికి ఇసుకపై దొర్లుతూ పోయి గింజలను రాల్చుకుంటుంది. మా విద్యార్థులు కొందరు దానిని బంతి అనుకొని వెంట పరుగెత్తారు. ఈ గడ్డియొక్క పొడవైన భూగర్భకాండాలు, వేళ్ళు ఇసుకను వలవలె పట్టి ఉంచుతాయి. ఈ ముందువరుస నిలిస్తేనే దాని వెనుక మొగలిపొదలు, తాటిచెట్లు, జీడిమామిడి నిలబడగలవు.

సర్వితోటల గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. తీరమంతటా కనిపించే ఈ చెట్టు మన నేలలో సహజంగా పుట్టినది కాదు; ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల నుండి తెచ్చి పెంచినది. గాలికి అడ్డునిలుస్తుంది, కలప ఇస్తుంది, పేదవారికి కూలి ఇస్తుంది. ఆ మేలును కాదనరాదు. కాని దానిని అలల అంచువరకు దట్టంగా నాటితే, నీడవలన, రాలిన ఆకుల పరుపువలన క్రింది తీగ, గడ్డి నశిస్తాయి. తాబేలు గుడ్లు పెట్టుటకు ఖాళీ ఇసుక మిగలదు. చెట్టు మంచిదే, దానికి తగిన తావు దిబ్బ వెనుక గాని దిబ్బ ముందు కాదు.

దిబ్బ దాచిన నీరు

సముద్రం కూతవేటు దూరంలో ఉండగా ఇసుకలో మంచినీరు దొరకడం మా విద్యార్థులకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించినది. దీని వెనుక ఉన్న సూత్రం తేలికయైనది. దిబ్బపై పడిన వాన నిలువక ఇసుకలోనికి ఇంకుతుంది. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక కనుక క్రిందనున్న ఉప్పునీటిపై తేలుతూ నిలుస్తుంది. సముద్రపునీటి సాంద్రత మంచినీటి కంటె నూటికి రెండున్నర వంతులు మాత్రమే ఎక్కువ. ఈ స్వల్పభేదం వలన ఒక చిత్రమైన లెక్క ఏర్పడుతుంది. భూగర్భంలోని మంచినీటి మట్టం సముద్రమట్టానికి 1 అడుగు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరే ఉండగలదు. ఈ లెక్కను తలక్రిందులుగా చదివితే భయం కలుగుతుంది. పైమట్టం 1 అడుగు తగ్గితే, కాలక్రమాన క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు.

ఈ శాస్త్రం పుస్తకాలకెక్కక పూర్వమే మన తీరపు రైతు దీనిని అనుభవంతో ఎరుగును. ఇసుకలో గరాటువలె ఏటవాలుగా ఒక గొయ్యి త్రవ్వుతాడు. దానిని 'దొరువు' అంటారు. కొద్ది లోతులోనే నీరు ఊరుతుంది. రెండు కుండలతో అందులోనికి దిగి, నీరు ముంచుకొని వచ్చి, ఆకుకూరలకు, నారుమళ్ళకు, పూలమొక్కలకు చేతితో పోస్తారు. లోతుగా బావి త్రవ్వితే ఉప్పునీరు తగులుతుంది. పైపైన త్రవ్వితే తియ్యని నీరు దొరుకుతుంది. దొరువులోని తెలివి అంతా ఆ లోతు తెలియడంలోనే ఉన్నది.

ఒక దొరువు దగ్గర కుండలతో నీరు పోస్తున్న వృద్ధురాలిని మా విద్యార్థి ఒకడు అడిగాడు: "మామ్మగారూ, ఇంత దగ్గరలో సముద్రం ఉన్నది గదా, ఈ నీళ్ళు ఉప్పగా లేవేమి?" ఆమె పని ఆపకుండానే, "దిబ్బ పట్టుకొనుందయ్యా నీళ్ళని. దిబ్బ పోతే ఉప్పే" అన్నది. పై పేరాలో మేము సాంద్రతలతో, అడుగులతో చెప్పినదంతా ఆమె రెండు వాక్యాలలో ముగించినది.

బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన కేంద్రం ఈ దొరువునే ఆధారం చేసుకొని ఒక మెరుగైన పద్ధతిని రూపొందించినది. గొయ్యికి బదులు చిన్న బావి కట్టి, దానికి చేరేటట్లు ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరుస్తారు. అందువలన నీరు ఒకేచోట లోతునుండి కాక, విశాలమైన మేరనుండి పైపొరగా మాత్రమే వచ్చి చేరుతుంది. పాలపై మీగడ తీసినట్లు ఉప్పునీటిని కదల్చకుండా మంచినీటిని తీసుకునే పద్ధతి ఇది. పూర్వుల తెలివిని పరిశోధన గౌరవించిన సందర్భంగా విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనదగును.

దిబ్బను చదును చేసినప్పుడు పోయేది ఇసుక మాత్రమే కాదని దీనివలన తేటపడుతున్నది. దిబ్బ ఎత్తు తగ్గితే దానిలో నిలిచే నీటి ఎత్తు తగ్గుతుంది. ఒకటికి నలభై అనే లెక్క అక్కడ నుండి తన పని మొదలుపెడుతుంది.

ఇసుకపై బ్రదుకులు

నిర్జనంగా కనిపించే తీరం నిర్జీవం కాదు. తెల్లవారుజామున వెళ్ళినవారికి ఇసుకయే ఒక వ్రాతపుస్తకం. మొదట కనిపించేవి పీతల గీతలు. కాడలపై నిలబెట్టినట్లున్న కన్నులతో అన్ని దిక్కులా చూస్తూ, మన అడుగు చప్పుడుకు అడ్డంగా పరుగెత్తి బొరియలో మాయమయ్యే ఇసుకపీతను చూచి నవ్వనివారుండరు. గాలి పీల్చి బ్రదికినా దాని మొప్పలు తడిగా ఉండాలి కనుక అది సముద్రాన్ని పూర్తిగా విడువలేదు. మరికొన్ని జాతుల చిన్నపీతలు ఇసుకను నోట పెట్టుకొని, అందులోని ఆహారకణాలను గ్రహించి, మిగిలిన ఇసుకను చిన్న ఉండలుగా చేసి వదలుతాయి. బొరియచుట్టూ ముగ్గు చుక్కలవలె కనిపించే ఆ ఉండలు అవి చేసిన శుభ్రతకు సాక్ష్యం. చచ్చిన చేపను, కొట్టుకొనివచ్చిన కుళ్ళును తిని తీరాన్ని ఊడ్చేవారు వీరే.

శీతకాలంలో ఉత్తరాసియా దేశాలనుండి వలస వచ్చే ఉల్లంకిపిట్టలు అల వెనుదిరిగినప్పుడు ముందుకు పరుగెత్తి, అల వచ్చినప్పుడు వెనుకకు పరుగెత్తి, తడి ఇసుకలోని పురుగులను, చిన్న చిప్పజీవులను ఏరుకుంటాయి. కొన్ని తీరపక్షులు గూడు కట్టక ఇసుకపైననే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు ఇసుకరంగులోనే ఉంటాయి. శత్రువునుండి గుడ్డును కాపాడే ఆ రంగు మోటారుసైకిలు చక్రంనుండి మాత్రం కాపాడలేదు.

ఇక ఈ తీరానికి వచ్చే అతిథులలో ముఖ్యమైనది ఆలివ్ రిడ్లీ తాబేలు. ఒడిశాలోని గహిర్మాత, ఋషికుల్య తీరాలలో ఇవి లక్షలసంఖ్యలో ఒక్కమారుగా వచ్చి గుడ్లు పెట్టడం లోకప్రసిద్ధం. మన తీరానికి అట్లు గుంపులుగా కాక, ఒంటరిగా వస్తాయి. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు, హెచ్చుగా రాత్రివేళ, ఆడతాబేలు నీటినుండి వెలువడి, అల అందని ఎత్తున వెనుకకాళ్ళతో సుమారు ఒకటిన్నర అడుగుల లోతు గొయ్యి త్రవ్వి నూరు, నూట ఇరువది గుడ్ల వరకు పెడుతుంది. ఇసుక కప్పి, తన బరువుతో అదిమి, వెనుకకు చూడకుండా సముద్రంలో కలిసిపోతుంది. ఆ సమయాన దాని కంటినుండి నీరు కారుతుంది. చూచినవారు దానిని కన్నీరనుకుంటారు. నిజానికి అది శరీరంలో చేరిన అధిక లవణాన్ని విసర్జించే మార్గం.

తల్లి పొదగదు, ఇసుకయే పొదుగుతుంది. ఇసుక వేడిమిని బట్టియే పిల్ల ఆడదో మగదో నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. 45 నుండి 60 రోజులకు పిల్లలు ఇసుకను చీల్చుకొని సాధారణంగా రాత్రిపూట బయటికి వస్తాయి. నిర్మలమైన తీరంలో రాత్రి వేళ అన్నిటికంటె వెలుగుగా కనిపించేది సముద్రపు అంచు. నల్లగా కనిపించేది దిబ్బ. పిల్ల నలుపును విడిచి వెలుగువైపు నడుస్తుంది. ఈ ఒక్క పాఠంతోనే అది పుట్టినది. ఒడ్డున విద్యుద్దీపాలు వెలిగినచోట ఆ పాఠమే దానికి ముప్పు తెస్తుంది. అది దీపంవైపు, రోడ్డువైపు నడచి, తెల్లవారేసరికి ఎండకో కుక్కలకో బలియవుతుంది.

పెద్ద తాబేళ్ళ కళేబరాలు కూడ తీరంలో కనిపిస్తాయి. తాబేలు నీటిలో బ్రదికినా గాలి పీల్చుటకు పైకి రావాలి. మరపడవ లాగే పెద్ద వలలో చిక్కినచో అది ఊపిరాడక మరణిస్తుంది. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ మన వలలకు తగిన ఒక సాధనాన్ని రూపొందించినది. వల గొంతులో ఏటవాలుగా ఊచల తడిక ఉంటుంది. చేపలు, రొయ్యలు ఊచల సందులనుండి వెనుకకు పోతాయి. తాబేలు తడికకు తగిలి ప్రక్కనున్న ద్వారంనుండి బయటపడుతుంది. జాలరి జీవనం, తాబేలు ప్రాణం రెండూ నిలిచే మార్గం ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు అత్యున్నత రక్షణ కల్పించినది. దాని గుడ్లను తీసుకొనిపోవడం కూడ నేరమే. నక్కలు, కుక్కలు త్రవ్వకుండా అటవీశాఖవారు గుడ్లను సేకరించి కంచె కట్టినచోట మరల ఇసుకలో పాతి, పిల్లలను సముద్రంలో విడిచిపెట్టే ఏర్పాటు మన తీరంలో జరుగుతున్నది.

తుఫానుకు ఎదురు

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెనను ఈ డెల్టా ఇంకా మరువలేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రం పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొని వచ్చి వేలాది ప్రాణాలను హరించినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లకు దక్షిణంగా, పట్టణానికి చేరువలోనే తీరం దాటినది. ఈ తీరానికి తుఫాను రాకపోక కొత్తది కాదు.

దిబ్బ తుఫానును ఎట్లు ఎదుర్కొంటుంది? రాతిగోడవలె నిలబడి కాదు, ఇచ్చి. పెద్ద అలలు దిబ్బ పాదాన్ని కోసి ఇసుకను సముద్రంలోనికి లాగుకొనిపోతాయి. ఆ ఇసుక కొద్ది దూరంలో నీటి అడుగున మెట్టగా పేరుకుంటుంది. తరువాత వచ్చే అలలు ఆ మెట్టకు తగిలి, ముందే విరిగి, బలం కోల్పోయి ఒడ్డుకు చేరుతాయి. తుఫాను వెలిసిన పిదప నెలల తరబడి చిన్న అలలు ఆ ఇసుకనే మరల ఒడ్డుకు మోసుకొనివస్తాయి, గాలి దానిని ఎత్తుతుంది, తీగ పట్టుకుంటుంది. ఇది మన గ్రామాలలోని ధాన్యపు పాతర వంటిది. కరవునాడు తీసి, పంటనాడు నింపుకోవాలి. పాతర ముందే ఖాళీ చేసినవారికి కరవునాడు దొరికేది ఏమీ లేదు.

అతిశయోక్తి శాస్త్రానికి తగదు కనుక ఒక పరిమితి చెప్పాలి. 1977 నాటి వంటి మహోప్పెనను ఏ దిబ్బయు పూర్తిగా ఆపజాలదు. అటువంటి వేళ ముందస్తు హెచ్చరిక, సురక్షిత స్థలానికి తరలిపోవడం, తుఫాను ఆశ్రయభవనం ఇవే శరణ్యం. కాని ఏటేటా వచ్చే సామాన్య తుఫానుల కోతను భరించేది, ఉప్పునీటిని చేలలోనికి రానీయనిది దిబ్బయే.

పాతర ఖాళీ అవుతున్న తీరు

పైనుండి వచ్చే ఇసుక ఇప్పటికే తగ్గినది. నాగార్జునసాగరం, శ్రీశైలం వంటి జలాశయాలు మనకు అన్నం పెట్టాయి, వెలుగునిచ్చాయి. అయితే నది తెచ్చే ఒండ్రులో పెద్దభాగం వాటిలోనే నిలిచిపోతున్నది. రాబడి తగ్గినప్పుడు గృహస్థు ఖర్చు తగ్గించుకుంటాడు. మనం మాత్రం తీరంలో ఖర్చు పెంచుతున్నాము. కట్టడాలకై దిబ్బలను చదును చేయడం, ఇసుకను బండ్ల కెత్తడం, సముద్రం కనిపించాలని దిబ్బకు గండికొట్టి దారి వేయడం ఇందులోని పద్దులే. దిబ్బలో ఒక చోట తీగ తెగి గండి పడితే గాలి అక్కడ గొంతులోవలె దూరి దానిని నానాటికీ వెడల్పు చేస్తుంది. నడకదారిగా మొదలైనది కొన్నేళ్ళకు ఉప్పెనకు వాకిలి అవుతుంది.

1991లో భారత ప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ మండలి ప్రకటనను తొలిసారిగా వెలువరించినది; 2011లోను, 2019లోను కొత్త ప్రకటనలు వెలువడినవి. వీటిలో ఇసుక దిబ్బలను, తాబేళ్ళు గుడ్లు పెట్టే తావులను మడ అడవులతో సమానంగా మిక్కిలి సున్నితమైన శ్రేణిలో చేర్చారు. పాత లెక్కలలో బంజరు అనిపించుకున్న నేల నేటి చట్టంలో అమూల్యమైన నేల అయినది. చట్టం కాగితంపై మారినంత తొందరగా మన నడవడి మారలేదు.

విద్యార్థులకు, కార్యవర్గానికి

తీరయాత్ర మానుకొమ్మని మేము చెప్పము. తీరాన్ని చూడనివారు దానిని కాపాడలేరు. వెళ్ళే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. డిసెంబరు, ఫిబ్రవరి మాసాల మధ్య తెల్లవారుజామున వెళ్ళడం ఉత్తమం. దిబ్బపై ఉన్న దారిలోనే నడవాలి. కొత్త దారి వేయరాదు. తీగను, గడ్డిని త్రొక్కరాదు. వాహనాన్ని ఇసుకపైకి తీసుకొనిపోరాదు. రాత్రి ఉండవలసివస్తే మంటలు, పెద్ద దీపాలు వద్దు. తీసుకొనిపోయిన ప్లాస్టిక్ సంచి, సీసా తిరిగి మనతోనే రావాలి. తాబేలు కనిపిస్తే ప్రక్కకు తొలగి నిశ్శబ్దంగా నిలవాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. ఈ తీరాలలో స్నానానికి దిగి విద్యార్థులు మునిగిపోయిన విషాదవార్తలు మనం పత్రికలలో పలుమారులు చదివినాము. వాటిలో చాలా మరణాలకు మూలం అజ్ఞానం. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు మరల సముద్రంలోనికి పోవుటకు ఒక సన్నని కాలువవంటి దారి చేసుకుంటుంది. అక్కడ అలలు విరగవు; నీరు నెమ్మదిగా కనిపిస్తుంది. ఈతరాని వాడు ఇదే మంచిచోటని అక్కడే దిగుతాడు. ఆ ప్రవాహం గజఈతగానిని కూడ లోపలికి ఈడ్చుకొనిపోగలదు. దానికి ఎదురీదరాదు. ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈది ఆ కాలువ దాటిన పిమ్మటనే ఒడ్డువైపు తిరగాలి. ఈతరాదా, నీటిపై తేలుతూ చేయి ఎత్తి సహాయం కోరాలి. కాపలావారు లేనిచోట, వారు వద్దన్నచోట దిగనే రాదు.

కళాశాల కార్యవర్గానికి మా మనవులు మూడు. వార్షిక విహారయాత్రలో తీరసందర్శనం ఉన్నప్పుడు వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర అధ్యాపకులలో ఒకరిని, స్థానిక మత్స్యకారులలో ఒకరిని తప్పక వెంట ఉంచాలి. ఆ మత్స్యకారునికి తగిన ప్రతిఫలం యాత్రావ్యయంలో చేర్చాలి. ఈతరాని విద్యార్థుల జాబితా ముందుగానే తయారు చేయాలి. ఇక మూడవది మా ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి చేయదగిన పని. తీరంలోని మొక్కలకు, పీతలకు, పక్షులకు, గాలులకు, అలలకు ఆ ఊళ్ళ పెద్దలు వాడే పేర్లను సేకరించి, రెండు లిపులలోను అచ్చువేయాలి. చెవులపిల్లి తీగ, దొరువు వంటి మాటలు తెలిసినవారు నానాటికీ తగ్గిపోతున్నారు. పేరు తెలియని మొక్కను పీకివేయడం తేలిక. పేరు తెలిసినదానిపై చేయి వేయబోయేముందు మనిషి ఒక్క క్షణమైనా ఆగుతాడు. వచ్చే డిసెంబరు యాత్రతోనే ఈ పని మొదలు కావాలని మా ఆకాంక్ష.